చెరువు మట్టిలో కోట్ల వైరస్‌లు ఉంటాయంటే భయపడాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ ఊరు నర్సంపేట వైపు. ఊరి చెరువు పూడిక తీస్తున్నారు, నాలుగు ట్రాక్టర్ల మట్టి మిర్చి చేనుకు తోలించుకోవాలని ఉంది. ఈలోగా చెరువు అడుగు మట్టిలో గ్రాముకు కోట్ల వైరస్‌లు ఉంటాయని ఏదో వీడియోలో చూసి టెన్షన్ పట్టుకుంది. మట్టి తోలించుకోవచ్చా, పిల్లలు ఈతకు దిగొచ్చా, అసలు ఒక్క చెరువులో అన్ని రకాల వైరస్‌లు ఎందుకుంటాయి అని అడిగారు. చివరి ప్రశ్న తేలితే మొదటి రెండూ సగం తేలిపోతాయి. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

నేను హన్మకొండలో మైక్రోబయాలజీ చదివాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వరంగల్ చుట్టుపక్కల చెరువుల నీళ్లలో వైరస్‌లు వెతకడమే నా పని. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను కానీ, ఆ పని మీద మమకారం పోలేదు. ఇప్పటికీ ఏ చెరువు కట్ట ఎక్కినా కళ్లు మోరీ (ఊరి మురుగు కాల్వ) ఎక్కడ కలుస్తోందా అనే వెతుకుతాయి.

వీడియోలో చెప్పిన లెక్క నిజమే. మంచినీటి చెరువుల్లో మిల్లీలీటరు నీటికి సుమారు 1 కోటి వైరస్ కణాలు ఉండటం మామూలు విషయం. పచ్చబడ్డ నీళ్లలో ఇది 10 కోట్ల దాకా పోతుంది. అడుగు మట్టిలో అంతకు పదింతలు, వందింతలు కూడా ఉంటాయి. ఈ సంగతి ప్రపంచానికి తెలిసి ఎక్కువ కాలం కాలేదు. 1989లో నార్వే శాస్త్రవేత్తలు సహజ జలాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పెట్టి చూసి, మిల్లీలీటరుకు 25 కోట్ల దాకా వైరస్ కణాలున్నాయని లెక్కగట్టారు. అప్పటిదాకా అనుకున్నదానికి అది వేల రెట్లు ఎక్కువ. కనిపెట్టింది అప్పుడు గానీ, అవి అంతకుముందు కూడా ఉన్నాయి. గణపతిదేవుని కాలంలో పాకాల చెరువు కట్టిన నాటి నుంచి మనవాళ్లు ఆ నీళ్లే పారించుకున్నారు, చెరువుల మట్టే చేలకు తోలుకున్నారు.

ఈ కోట్లలో అత్యధిక భాగం మనుషుల జోలికి రాదు. అవి బ్యాక్టీరియాను పట్టే వైరస్‌లు, వీటిని బ్యాక్టీరియోఫేజ్‌లు లేదా ఫేజ్‌లు అంటాం. 1915లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లో ఫెలిక్స్ డెరెల్ వీటిని విడివిడిగా కనిపెట్టారు. ఒక ఫేజ్ ఏదో ఒక రకం బ్యాక్టీరియా ఒంటి మీదున్న ప్రత్యేకమైన ప్రొటీన్‌కో చక్కెరకో అతుక్కుంటుంది. ఆ అతుక్కునే చోటు దొరకకపోతే ఇక దాని ఆట సాగదు. మన కణాల మీద అలాంటి చోటు లేదు. ఫేజ్‌లు కాక ఇంకా నాచును పట్టేవి, అమీబాను పట్టేవి, పురుగులను పట్టేవి, మొక్కలను పట్టేవి ఉంటాయి. మనుషులకు జబ్బు చేసేవి వీటన్నిటి మధ్య బహు కొద్ది. అవి చెరువులోకి ఎట్లా వస్తాయో తర్వాత చెబుతాను, అసలు భయపడాల్సింది అక్కడే.

రకాల సంగతి పుస్తకంలో చదివితే అంతగా ఎక్కదు, ప్లేటు మీద చూస్తే మరిచిపోలేం. మేం చేసే పద్ధతి చెబుతాను. చెరువు నీళ్లను తేర్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, 0.22 మైక్రాన్ల అతిసన్నని రంధ్రాలున్న ఫిల్టర్ గుండా పంపిస్తాం. బ్యాక్టీరియా పైనే ఆగిపోతుంది, వైరస్‌లు కిందికి దిగుతాయి. వానాకాలం నీళ్లయితే ఎర్ర బురదకు ఫిల్టర్ కాసేపటికే మూసుకుపోయేది, సిరంజి నొక్కి నొక్కి బొటనవేలు బొబ్బలెక్కేది. అడుగు మట్టి ఇంకా మొండిది. బంకమన్ను రేణువులకు వైరస్‌లు గట్టిగా పట్టుకుని ఉంటాయి, పైరోఫాస్ఫేట్ ద్రావణంలో వేసి బాగా గిలకొట్టితే తప్ప ఊడిరావు. అలా దిగిన నీటిని ఈ.కోలై అనే బ్యాక్టీరియా కల్చర్‌తో కలిపి, గోరువెచ్చని పలుచటి అగార్‌లో (జెల్లీ లాంటి పదార్థం) వేసి పెట్రీ ప్లేటు మీద పోసి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచుతాం. తెల్లారి చూస్తే ప్లేటంతా బ్యాక్టీరియా లేతగా పరుచుకుని, అట్టుకు చిల్లులు పడ్డట్టు మధ్యమధ్య గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. వాటిని ప్లాక్‌లు అంటాం. ఒక్క ఫేజ్ ఒక బ్యాక్టీరియాను పగలగొట్టి, దాని సంతానం పక్కవాటిని, అవి మళ్లీ పక్కవాటిని పగలగొట్టుకుంటూ పోతే ఒక ప్లాక్ అవుతుంది.

ఒకే ప్లేటు మీద ఆ ప్లాక్‌లు ఒకే తీరుగా ఉండవు. కొన్ని గుండుసూది తలంత, కొన్ని కందిబద్దంత. కొన్నింటి నడుమ అద్దంలా శుభ్రంగా ఉంటుంది. కొన్ని మసకగా ఉంటాయి, ఎందుకంటే ఆ ఫేజ్ అన్ని బ్యాక్టీరియాలనూ చంపదు, కొన్నింటి డీఎన్ఏలోనే తన డీఎన్ఏను కలిపేసి ఊరుకుంటుంది. ఇంకొన్నింటి చుట్టూ లేత వలయం ఉంటుంది. బ్యాక్టీరియా ఒంటి మీది జిగురు పొరను కరిగించే ఎంజైమ్ ఆ ఫేజ్ దగ్గర ఉందని దాని అర్థం. ఇదంతా ఒక సీసా నీళ్లలో, ఒక్క రకం బ్యాక్టీరియాను పట్టేవాటి సంగతి.

అదే చెరువులో మత్తడి (నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు) వైపు తామరాకుల నడుమ తీసిన నీళ్లతో ఈ.కోలై ప్లేట్లు చాలాసార్లు ఖాళీగా వచ్చేవి. మోరీ కలిసే మూల నీళ్లతోనేమో ప్లాక్‌ల మీద ప్లాక్‌లు పడి లెక్కకు అందేవి కావు. అంటే మత్తడి వైపు వైరస్‌లు లేవనా? అదే మత్తడి దగ్గరి మట్టిలోంచి పెంచిన బ్యాక్టీరియాను ప్లేటు మీద పరిచి, అవే నీళ్లు మళ్లీ పోసి చూశాం. ఈసారి ప్లాక్‌లు పడ్డాయి. ఈ.కోలై పేగుల్లో బతికే బ్యాక్టీరియా, దాని ఫేజ్‌లు మురుగుతోనే వస్తాయి. చెరువులో పుట్టి చెరువులోనే బతికే బ్యాక్టీరియాకు వేరే ఫేజ్‌లు ఉంటాయి. ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఫలితం అదే. నీటిని శుద్ధి చేసే చోట్ల, పరీక్షించే చోట్ల ఈ.కోలై లాంటి పేగు బ్యాక్టీరియాను పట్టే ఫేజ్‌లను (కోలిఫేజ్‌లు) మలం కలిసిందనడానికి గుర్తుగా వాడేది కూడా అందుకే.

ఇన్ని రకాలు ఒక్కచోట ఎట్లా నిలుస్తాయి? దీనికి నార్వే శాస్త్రవేత్త థింగ్‌స్టాడ్ చెప్పిన లెక్క నాకు బాగా నమ్మకం కలిగించింది. ఏ రకం బ్యాక్టీరియా సంఖ్యలో పెరిగితే దానికి ఫేజ్ తగిలే అవకాశం కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి పైకొచ్చినదానికే ముందు దెబ్బ పడుతుంది. అది తగ్గగానే ఆ తిండి మీద ఇంకో రకం లేస్తుంది, దానికి దాని ఫేజ్ తగులుతుంది. ఏ ఒక్క రకమూ చెరువునంతా ఆక్రమించుకోలేదు. బ్యాక్టీరియాలో రకాలు నిలవడానికి ఫేజ్‌లు కారణం, ఫేజ్‌లలో రకాలు నిలవడానికి ఆ బ్యాక్టీరియా కారణం. సముద్రాల్లో చేసిన లెక్కల ప్రకారం రోజుకు 20 నుంచి 40 శాతం బ్యాక్టీరియాను వైరస్‌లే చంపుతాయి. అవి పగిలినప్పుడు లోపలున్న నత్రజని, భాస్వరం నీళ్లలో కలిసి నాచుకూ మిగతా సూక్ష్మజీవులకూ తిండి అవుతాయి.

దీనికి మన చెరువుల తీరు తోడవుతుంది. ఉత్తర తెలంగాణ చెరువు ఏడాదంతా ఒక్కలా ఉండదు. వానలకు ఎర్రనీళ్లతో నిండుతుంది, చలికాలం తేటపడుతుంది, ఎండాకాలం అడుగంటి శిఖం (చెరువు అడుగు నేల) నెర్రెలు విచ్చుతుంది. నీళ్ల పైపొరలో వెలుతురూ ఆక్సిజనూ ఉంటాయి, నాలుగు వేళ్ల లోతు బురదలో ఆక్సిజనే ఉండదు. గుర్రపుడెక్క వేళ్ల చుట్టూ ఒక రకం బ్యాక్టీరియా, తుంగ వేళ్ల దగ్గర ఒక రకం, ఆయకట్టు వరి మళ్లలో ఇంకో రకం. ఒక్కో చోటుకు దాని బ్యాక్టీరియా, వాటికి వాటి వైరస్‌లు. చెరువుల్లాంటి తేమ నేలల్లో వైరస్‌ల వైవిధ్యం అంత ఉండటానికి ఇదే ముఖ్య కారణం. వాగునీళ్లకు, బోరునీళ్లకు ఇన్ని అంతస్తులు ఉండవు.

సైజులో తేడాలు చూస్తే ఇంకా ఆశ్చర్యం. ఫై ఎక్స్ 174 అనే చిన్న ఫేజ్ జన్యు సందేశం మొత్తం 5,386 అక్షరాలు. ముంబైలో పోవై చెరువు నీళ్ల నుంచి ఐఐటీ బొంబాయి వాళ్లు బయటకు తీసిన పోవై లేక్ మెగావైరస్‌ది 12 లక్షల అక్షరాల పైమాటే. అది అమీబాలను పట్టే రాకాసి వైరస్, కొన్ని చిన్న బ్యాక్టీరియాల కంటే పెద్దది. ఊరి నడుమ ఉన్న మన దేశపు చెరువులోనే అది దొరకడం నాకు ఎంతో ఉత్సాహాన్నిచ్చింది. మా వైపు వడ్డేపల్లి, ధర్మసాగర్, లక్నవరం చెరువుల నీళ్లలో కూడా ఎవరైనా ఓపిగ్గా వెతకాలని గట్టిగా కోరుకుంటాను.

వీటి లెక్క తీయడం కష్టం కూడా. బ్యాక్టీరియా అన్నింటిలోనూ 16ఎస్ అనే ఉమ్మడి జన్యువు ఉంటుంది, దాన్ని చదివితే ఏది ఏ రకమో తెలుస్తుంది. వైరస్‌లన్నింటికీ అలాంటి ఉమ్మడి జన్యువు ఒక్కటీ లేదు. అందుకే నీళ్లలో ఉన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏ మొత్తాన్నీ ఒక్కసారే చదివి, కంప్యూటర్‌లో ముక్కలు అతికిస్తారు, దీన్ని మెటాజీనోమిక్స్ అంటారు. ఈ పద్ధతిలో 2019లో ఒక్క సముద్రాల నుంచే దాదాపు 2 లక్షల రకాల వైరస్‌ల జాడ దొరికింది. వైరస్‌ల వర్గీకరణ చూసే అంతర్జాతీయ సంఘం పేరు పెట్టి జాబితాకు ఎక్కించిన జాతులు మాత్రం 2024 నాటికి 16,000 పైచిలుకే.

తేమ నేలల మీద చేసిన పనుల్లో నాకు బాగా గుర్తున్నది స్వీడన్‌లోని స్టోర్డాలెన్ అనే చోటిది. అక్కడ మంచుతో గడ్డకట్టిన నేల కరిగి చిత్తడిగా మారుతోంది. 2018లో వచ్చిన ఆ అధ్యయనంలో 1,907 రకాల వైరస్‌లు తేలాయి. వాటిలో మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులను పట్టేవి ఉన్నాయి, మీథేన్‌ను తినేసే బ్యాక్టీరియాను పట్టేవీ ఉన్నాయి. కొన్ని వైరస్‌ల దగ్గర మొక్కల పీచును కోసే ఎంజైమ్ జన్యువులు కూడా దొరికాయి. చిత్తడి నేల నుంచి ఎంత మీథేన్ గాల్లోకి పోతుందనే లెక్కలో వైరస్‌లకు కూడా చేయి ఉందన్నమాట. మన వరి మళ్ల బురదలోంచి బుడబుడమని లేచే గాలి బుడగల్లో ఉండేదీ మీథేనే.

ఇక భయం సంగతి. మనిషికి జబ్బు చేసే వైరస్‌లు చెరువులోకి వచ్చే పెద్ద దారి మన మోరీయే. హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ, రోటావైరస్, నోరోవైరస్ ఇవన్నీ మనిషి పేగుల నుంచి మురుగులోకి, మురుగు నుంచి నీళ్లలోకి వస్తాయి. బురద రేణువులకు అంటుకుంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి కూడా.

ఇక్కడ మిర్చి రైతులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. నీళ్లలో మనిషి మలం కలిసిందా లేదా అని పట్టుకోవడానికి ప్రపంచమంతా ఇప్పుడు వాడుతున్న గుర్తుల్లో ఒకటి మిరప మొక్కల వైరస్. దాని పేరు పెప్పర్ మైల్డ్ మాటిల్ వైరస్. మిరపకాయలతో, కారంతో మన కడుపులోకి పోతుంది, మనల్ని ఏమీ చేయదు, చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. 2006లో వచ్చిన అధ్యయనంలో మలంలోని ఆర్ఎన్ఏ వైరస్‌లన్నిటిలో ఇదే ఎక్కువగా కనిపించింది. బయటపడ్డ ఆ వైరస్‌కు మిరప జాతి మొక్కను మళ్లీ పట్టుకునే సత్తా మిగిలే ఉందని కూడా వాళ్లు చూపించారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే ఊళ్లలో మురుగునీళ్లు చేలకు పారకుండా చూసుకోవడానికి ఇది ఇంకో కారణం అనుకోండి.

అయితే మీ చేనులో వచ్చే ఆకుముడత, మనవాళ్లు జెమినీ వైరస్ అనేది, చెరువు మట్టితో రాదు. దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది. పక్క చేలో తెగులు ఉంటే చెరువు మట్టి వేసినా వేయకపోయినా వస్తుంది. పూడిక మట్టిని అనవసరంగా నిందించకండి.

తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి పైకి తేలితే కూడా అందరూ వైరస్ అనే అంటారు. ఎక్కువసార్లు అది ఆక్సిజన్ లేకపోవడం. పచ్చనాచు కమ్మిన చెరువులో రాత్రిపూట నాచూ బ్యాక్టీరియా కలిసి ఆక్సిజన్‌ను తాగేస్తాయి, తెల్లారేసరికి చేపలకు మిగలదు. ముందు ఆక్సిజన్ కొలిపించండి, తర్వాతే మందుల గురించి ఆలోచించండి.

దోమల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ కొంగల్లాంటి నీటి పక్షుల్లో ఉంటుంది, పందుల్లో పెరుగుతుంది, వరి మళ్లలో పుట్టే క్యూలెక్స్ దోమ ద్వారా పిల్లలకు చేరుతుంది. నీళ్లు తాకితే రాదు, దోమ కుడితేనే వస్తుంది. సోకినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు, కానీ తీవ్రంగా వచ్చిన వాళ్లలో ప్రాణాపాయం ఎక్కువ. 2003లో మన వరంగల్, కరీంనగర్ వైపు పిల్లలను పొట్టన పెట్టుకున్న జ్వరం వేరే, అది చాందీపుర వైరస్. ఆ ఏడాది ఉమ్మడి రాష్ట్రంలో 329 మంది పిల్లలకు వస్తే 183 మంది చనిపోయారు. ఆ వైరస్‌కూ చెరువుకూ సంబంధం లేదు. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల దగ్గర ఉండే చిన్న ఇసుక ఈగ దాన్ని మోస్తుంది. ఆ కాలం చూసిన తల్లిదండ్రులు ఇప్పటికీ పిల్లాడికి జ్వరమంటే వణుకుతారు, వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఏది దేనివల్ల వస్తుందో సరిగ్గా చెప్పాలని నా పట్టుదల. చెరువుకు భయపడి గోడ నెర్రెలు పూడ్చకుండా వదిలేస్తే పిల్లలకు మేలు జరగదు.

పక్షుల ఫ్లూ గురించి కూడా ఒక్క మాట. ఇన్‌ఫ్లుయెంజా ఎ వైరస్‌కు నీటి పక్షులే పుట్టిల్లు. వైరస్ ఒంటి మీది రెండు ప్రొటీన్లను బట్టి చెప్పే హెచ్ రకాలు 16, ఎన్ రకాలు 9 వాటిలో కనిపించాయి. బాతుల పేగుల్లో పెరిగి రెట్టతో నీళ్లలో పడుతుంది. చల్లటి నీళ్లలో ఎక్కువ కాలం, మన ఎండల్లో వెచ్చబడ్డ నీళ్లలో తక్కువ కాలం బతుకుతుంది. చలికాలంలో చెరువు దగ్గర బాతులు, కొంగలు గుంపుగా చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టకండి, పిల్లలను పోనివ్వకండి, పశువైద్యశాలకు ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ మట్టి. తోలించుకోండి. ఒండ్రులో సారం ఉంది, సేంద్రియ పదార్థం ఉంది. దాంతో వచ్చే ఫేజ్‌లు మీ చేలో ఇప్పటికే ఉన్నవాటి లాంటివే. మోరీ కలిసే మూల నుంచి, నల్లగా కుళ్లు వాసన కొట్టే చోటి నుంచి మాత్రం ఎత్తొద్దని జేసీబీ అతనికి ముందే చెప్పండి. ఆ మురుగు మట్టిలో వైరస్‌లతో పాటు భార లోహాలు కూడా ఉండొచ్చు. తూము వైపు, నడి చెరువు మట్టి మేలు. చేలో పలుచగా పరిచి ఎండాకాలమంతా ఎండనివ్వండి, ఎండకూ ఆరుదలకూ పేగు వైరస్‌లు చాలావరకు నిలవవు. మట్టి పరిచేటప్పుడు చెప్పులు వేసుకుని, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

ఈతకు కూడా అదే సూత్రం. మోరీ కలవని చెరువులో, ఈత వచ్చిన పెద్దవాళ్లు పక్కనుండగా దిగనివ్వొచ్చు. వాన పడ్డ రెండు మూడు రోజులు వద్దు, ఊరి మురుగంతా కొట్టుకొచ్చేది అప్పుడే. నీళ్ల మీద పచ్చరంగు పూసినట్టు తెట్టు కట్టి ఉన్నా వద్దు, ఆ నీలి ఆకుపచ్చ నాచు వదిలే విషం చర్మానికీ కడుపుకూ మంచిది కాదు. చెరువు నీళ్లు కాచకుండా తాగడం ఎప్పుడూ వద్దు. 1896లో హాంకిన్ అనే ఆయన గంగ, యమున నీళ్లకు కలరా క్రిములను చంపే గుణం ఉందని రాశాడు. తర్వాత చాలామంది అది ఫేజ్‌ల వల్లనే అన్నారు. దాన్ని పట్టుకుని పారే నీళ్లు తమంత తామే శుభ్రపడతాయని చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్ల మాట వినకండి. ఫేజ్‌లు హెపటైటిస్ వైరస్‌ను ఏమీ చేయలేవు.

పూడిక తీసే పని నడుస్తుండగానే గ్రామ పంచాయతీలో ఒక మాట అడగండి. ఊరి మోరీని చెరువులో కలవకుండా పక్కకు మళ్లించి, ఇంకుడు గుంటల్లోకో, గడ్డి పెంచిన కాల్వలోకో వదలొచ్చేమో చూడమనండి. చెరువు ఎండి ఉన్నప్పుడే ఆ పని అవుతుంది, నిండాక ఎవరూ ముట్టుకోరు. మీ పిల్లల టీకా కార్డులో జేఈ (జపనీస్ ఎన్‌సెఫలైటిస్) అని రెండు డోసులు, ఒకటి 9 నెలలకు, ఇంకొకటి 16 నుంచి 24 నెలల మధ్య, పడ్డాయో లేదో చూసుకోండి. లేకపోతే నాట్లు పడకముందే మీ ఊరి ఆశా అక్కను అడగండి, ఏ రోజు ఎక్కడ వేస్తారో ఆమె చెబుతుంది.